శవపెట్టెకు బిల్లు యాడ?

పన్నుల ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తా ఉంటారు. పరీక్ష రాసి, ట్రైనింగు ముగించి, మెడలో కార్డు తగిలించుకోని, కండ్లల్లో ఇంకా నమ్మకం మిగిలినోళ్లు. వచ్చి కూర్చోని అందరూ ఒకటే అడుగుతారు. "సార్, ఇంత పెద్ద దేశానికంతా ఒకటే పన్ను పెట్టినారు గదా. అది రాజ్యాంగం ఒప్పుకొనేదేనా? పెట్టినందుకు ఏమన్నా ప్రయోజనం ఉండాదా?"

పరీక్షలో అడిగితే దీనికి మంచి జవాబే ఉండాది. నేను మాత్రం వాళ్లకు ఒక శవపెట్టె కథ చెప్తాను. విన్నాక కొంతమంది మళ్లా ఈ పక్కకు రారు. మీరు చదువుతా ఉండారు కాబట్టి మీకు కాఫీ ఇచ్చే ఖర్చు కూడా లేదు నాకు. వినండి.

ముందు నా సంగతి. మాది మాలూరు పక్క లక్కూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఉద్యోగం చాలాకాలం కేజీఎఫ్‌లో. ఆ ఆఫీసులో చట్టం ఇంగ్లీషులో ఉండె, ఫైలు కన్నడలో నడిచె, వ్యాపారస్తులు మమ్మల్ని తమిళంలో తిట్టిరి, నేను వాళ్లను తెలుగులో తిట్టుకొంటిని. ఇన్ని భాషల్లో ఒక్కదాంట్లో కూడా మా ఆఫీసును మెచ్చుకొన్న మాట నా చెవిన పడలేదు.

మా జిల్లాకు ఒక పక్క ఆంధ్రా, ఇంగో పక్క తమిళనాడు. అందుకని నా సర్వీసులో సగం చెక్‌పోస్టుల్లోనే అయిపోయె. చెక్‌పోస్టు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రోడ్డుకు అడ్డంగా ఒక కట్టె, కట్టెకు ఒక తాడు, తాడు పట్టుకొనేదానికి ఒక మనిషి, ఆ మనిషి నిద్రపోకుండా చూసుకొనేదానికి నేను. టమాటా లారీ వచ్చి నిలబడుతుంది. టమాటాకు పన్ను లేదు. అయినా నిలబడాల. ముందున్న సిమెంటు లారీ కాగితాలు అయ్యేదాకా వెనక టమాటా కుళ్లుకొంటా నిలబడాల. మా ఇంట్లోవాళ్లు నా చొక్కా వాసన చూసి ఆ దినం ఏ లారీలు వచ్చినాయో చెప్పేవాళ్లు.

అట్లుండంగా దేశమంతా ఒకటే పన్ను వచ్చె. చెక్‌పోస్టులు ఎత్తేసిరి. కట్టె తీసి పక్కన పారేసిన దినం మా ఆఫీసులో ఒకాయన మధ్యాన్నం క్యారియరు విప్పలేదు.

"ఏం సార్, ఎవురన్నా పోయినారా?" అని అడిగినాను.

"మన రాష్ట్రం పోయిందప్పా," అన్నాడు.

ఆయన్ని మేము రాజ్యాంగం సారు అంటా ఉంటిమి. నాతో సమానమైన ఉద్యోగమే, వయసులో నాకంటే పెద్ద. సాయంకాలం కాలేజీలో లా చదివినాడు. నల్లకోటు కూడా కుట్టించుకొన్నాడు గానీ కోర్టు మెట్లు ఎక్కలేదు. కోర్టులో వాదించాల్సినవన్నీ మా మీద వాదించినాడు. మేము జడ్జీల కంటే మేలు, తీర్పు చెప్పేవాళ్లం కాము.

ఆయన వాదన ఇది. సరుకు అమ్మకం మీద పన్ను వేసే హక్కు రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. అది ఒక్కటే మన చేతిలో మిగిలిన గట్టి హక్కు. దాన్ని సవరణ అని పేరుపెట్టి తీసి, ఢిల్లీలో ఒక కౌన్సిల్ కూర్చోబెట్టి, దాంట్లో కేంద్రం ఒప్పుకోకపోతే ఏదీ జరక్కుండా ఓట్లు పంచినారు. "మన మంత్రి ఢిల్లీకి పోయి, మన ఊరి బన్నుకు ఎంత పన్ను వేసుకోవచ్చు అని అడగాల. ఇది ఫెడరలిజమా, పిల్లోడు నాయన దగ్గర జేబు ఖర్చు అడిగేదా?" అంటాడు. అంటా అంటానే మా బల్ల మీది బన్ను తీసుకొని తినేస్తాడు.

ఈయనకు మొగుడు మాదిరి వచ్చింది మా మేడం. మా మీద ఆఫీసరు. ఉత్తరాన కలబురగి పక్క నుంచి వచ్చిన మనిషి, మా ఇద్దరికంటే వయసులో చాలా చిన్నది. ఆమెది కన్నడ, నేను తెలుగు చేసి చెప్తాను. ఆమెకు ఈ పన్ను అంటే భక్తి. ఆమె తండ్రికి లారీ ఉండె. చిన్నప్పుడు ఆయనతో పోయి చెక్‌పోస్టుల్లో, లారీ కింద నీడలో పండుకోని పెరిగింది.

"సార్, సవరణకు రాష్ట్రాలు ఒప్పుకొన్నాయి గదా. మన శాసనసభ కూడా ఒప్పుకొంది. రాజ్యాంగాన్ని మార్చే దోవ రాజ్యాంగంలోనే ఉండాది. ఆ దోవలోనే మార్చినారు. ఇంగేం కావాల మీకు?" అనేది.

"ఒప్పుకొన్నాము మేడం. నష్టపరిహారం ఇస్తామంటే ఒప్పుకొన్నాము. పెండ్లికొడుకును చూసి కాదు, పెట్టే భోజనం చూసి ఒప్పుకొన్నాము."

"కేంద్రం ఒక్కటే నెగ్గలేదు గదా ఆ కౌన్సిల్లో. దానికీ రాష్ట్రాలు కావాల."

"పెట్రోలును, సారాయిని మాత్రం రాష్ట్రాలు ఎందుకు వదల్లేదు మేడం? అంత మంచి పన్నయితే వాటిని కూడా చేర్చుండొచ్చు గదా?"

మేడం ఫైలు ముందుకు లాక్కోని సంతకాలు పెట్టేది. నేను ఇద్దరి మధ్యలో కూర్చోని ఫ్యాను కింద నిద్రపోకుండా ఉండేదానికి తంటాలు పడతా ఉంటిని.

ఇంగ అసలు దినానికి వస్తాను.

చెక్‌పోస్టులు పోయినా రోడ్డు మీద బండ్లు ఆపేది పోలేదు. జీపులో తిరగతా, అనుమానం వచ్చిన బండిని ఆపి, బిల్లు అడిగే పని మాకు పడె. ఆ వారం పైనుంచి మేడంకు ఫోన్ల మీద ఫోన్లు. అన్ని టీముల నుంచీ కేసులు వస్తా ఉండాయి, మీ టీము నుంచి ఒక్కటీ లేదు, మీరు రోడ్డు మీద ఉండారా, గుడికి పోయినారా అని అడిగినారు. మేడం మొగం ఎర్రగా అయిపోయె. మరుసటి దినం పొద్దున్నే మమ్మల్ని జీపెక్కించె. మేడం, రాజ్యాంగం సారు, నేను, జీపు డ్రైవరు. బేతమంగళ దాటి ఆంధ్రా బార్డరు పక్కకు పోయే రోడ్డులో నిలబడితిమి.

పాల క్యాన్ల బండి పోయె. పట్టుగూళ్లు వేసుకోని ఆటో పోయె. ఒకాయన స్కూటరు మీద మేకను కూర్చోబెట్టుకోని పోయె. దేనికీ పన్ను లేదు. ఎండ ఎక్కతా ఉండె. అప్పుడొచ్చె ఒక టెంపో, వెనక టార్పాలు కప్పుకోని.

రాజ్యాంగం సారు చెయ్యి చూపించినాడు. అక్రమమైన చట్టమైనా సరే, బండి ఆపేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి బలే గంభీరంగా లేస్తుంది.

టెంపో నిలబడె. పక్క సీటులో నుంచి ఒకామె దిగింది. నడివయసు మనిషి, తెల్లచీర, చేతిలో స్క్రూడ్రైవరు. ఆమెను నేను చూసుండాను. కేజీఎఫ్‌లోనే ఊరిగాంలో, పాత బంగారు గని కంపెనీ ఇండ్ల వరసలో, చర్చికి పోయే దోవలో వడ్రంగి షాపు ఆమెది. నాయన గనిలో వడ్రంగి, కింద సొరంగాల్లో కట్టెలు నిలబెట్టే పని చేసినోడు. ఆయన దగ్గర పని నేర్చుకొనింది. గని మూతపడినాక ఊర్లో కుర్చీలు, మంచాలు చేయించుకొనేవాళ్లు తగ్గిపోయిరి. ఒక్కదానికి మాత్రం గిరాకీ తగ్గలేదు.

"లోపల ఏముండాదమ్మా?" అన్నాడు రాజ్యాంగం సారు.

"పెట్టె సార్."

"ఏం పెట్టె?"

"అందరికీ ఒక దినం కావాల్సిన పెట్టె."

నేను టార్పాలు లేపి చూసినాను. కొత్త పాలిషు వాసన గుప్పుమనె. పసుపుపచ్చగా మెరిసే పిడులు, లోపల తెల్లటి గుడ్డ కుచ్చులు, మూత మీద శిలువ. మా జీపు డ్రైవరు అది చూసి చెప్పులు విడిచేసినాడు.

మేడం వచ్చి చూసింది. ఒక్క క్షణం తటపటాయించింది గానీ, ఆఫీసరు గదా, అడగాల్సింది అడిగేసింది.

"బిల్లు యాడ?"

"ఎవురి పేరున రాయాలమ్మా? తీసుకొనేటాయన పొద్దున్నే పోయినాడు."

పోయినాయన ఎవురంటే, ఈమె నాయనతో కలిసి గనిలో పనిచేసినోడు. వయసు మీద పడినాక బార్డరు అవతల పల్లెలో కూతురి ఇంటికి పోయినాడు. ఆ పల్లెలో చర్చికి పోయేవాళ్లే తక్కువ. పెట్టె చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవురూ లేరు. అందుకని పొద్దున్నే ఊరిగాంకు ఫోను చేసినారు.

మేడం ఆమెకు నిదానంగా చెప్పింది. నువ్వు మన రాష్ట్రంలో యాడ అమ్ముకొన్నా, చిన్న వ్యాపారం కాబట్టి మేము అడగము. బార్డరు దాటించి అమ్మితే మాత్రం మొదటి సరుకు నుంచే రిజిస్ట్రేషను ఉండాల, బిల్లు ఉండాల. శవపెట్టె కూడా సరుకే. కట్టెతో చేసిన సరుకు.

"బార్డరు తీసేసినారు గదమ్మా?"

"రోడ్డు మీద తీసేసినాము. చట్టంలో ఉండాది."

ఆ మాట అన్నాక మేడంకే అది ఎట్లనో వినిపించినట్లుండాది, దూరంగా చూసింది. రాజ్యాంగం సారు మాత్రం వెలిగిపోయినాడు. ఆయన ఇన్నేండ్లు చెప్తా వచ్చింది మేడం నోటితోనే వచ్చె. అయినా ముందు మంచి పనే చేసినాడు. పెట్టె ఆమెను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పినాడు. "చూడమ్మా, దుడ్డు తీసుకోకుండా ఇస్తే అది అమ్మకమే కాదు. ఊరికే ఇస్తా ఉండాను అని ఒక్క మాట చెప్పు, వెళ్లిపోవచ్చు."

ఆమె గుసగుసలాడలేదు. రోడ్డంతా వినేట్లు చెప్పింది.

"ఊరికే ఇచ్చిన పెట్టెలో ఆయన పండుకోడు సార్. వాళ్లింట్లో కూడా ఒప్పుకోరు. నేను అబద్ధం చెప్పి, వాళ్ల నాయన్ని బిచ్చపు పెట్టెలో పంపించాల్నా?"

అయిపోయె ఆ దోవ. మేడం ఫోను తీసి ఆఫీసుకు చెప్పబోయె, బండిని కేజీఎఫ్‌కు తీసుకొస్తా ఉండామని. అప్పుడు రాజ్యాంగం సారుకు పూనకం వచ్చినట్లు వచ్చె. దేశంలో యాడికైనా సరుకు అడ్డం లేకుండా పోయే స్వేచ్ఛ రాజ్యాంగంలో ఉండాది, దానికి విరుద్ధం మీరు చేసేది అన్నాడు. మేడం ఊరుకొంటుందా? ఆ స్వేచ్ఛ నిజంగా వచ్చిందే ఈ పన్నుతో అనింది. ఒకరు ఆర్టికల్ అంటే ఇంగొకరు సెక్షను అంటారు. బేతమంగళ నుంచి వచ్చిన బస్సు దోవలేక నిలబడె. కిటికీల్లోంచి తలకాయలు బయటికి వచ్చె. "ఏమప్పా, యాక్సిడెంటా?" అని ఒకాయన అడిగె. "లేదప్పా, రాజ్యాంగం," అన్నాడు మా జీపు డ్రైవరు.

పెట్టె ఆమె కాసేపు చూసింది. తర్వాత వాళ్లిద్దరి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, సార్, మీ తగువు రేపు కూడా ఆడుకోవచ్చు. ఆడ ఆయన ఐసుగడ్డల మీద ఉండాడు. ఈ ఎండకు ఐసు ఎంతసేపు ఉంటుంది? చీకటి పడేలోపల మన్ను వేయాల. నన్ను లోపలేస్తే వేయండి, పెట్టెను మాత్రం పంపించండి."

నేను పెద్ద ఆలోచనాపరుడినేమీ కాదు. పెట్టెను ముందు దించి రానిస్తే తర్వాత ఈమెతో ఆఫీసులో మాట్లాడుకోవచ్చు గదా అనుకొని అడిగినాను. "నువ్వు ఆడ పెట్టె దించేసి వచ్చేస్తావా అమ్మా?"

"యాడొస్తాను సార్! ఆయనకు స్నానం చేయించినాక పెట్టెలో పెట్టేది నేను. మూత బిగించేది నేను. తాళ్లేసి గుంతలోకి దించేది నేను. మన్ను పడినాక పూలు పరిచి, శిలువ నాటి వచ్చేది నేను. పెట్టె ఒక్కటే అమ్మేదానికి నాదేమి అంగడా?"

మేడం తల తిప్పింది. "అన్నిటికీ కలిపే దుడ్డు తీసుకొంటావా?"

"విడిగా ఎట్ల తీసుకొంటారమ్మా?"

మేడం ఫోనులో చట్టం తెరిచి వేలితో జరపతా పోయింది. ఎండకు తెర కనపడక, చీర కొంగు తల మీద కప్పుకోని దాని కింద చదివింది. చట్టం చివర ఒక షెడ్యూలు ఉండాది. కొన్ని పనులు సరుకూ కాదు, సేవా కాదు, పన్ను వాటి జోలికి పోదు అని చెప్పే షెడ్యూలు. దాంట్లో చచ్చినోళ్లను పూడ్చే పని ఉండాది. దానికి పెట్టె కూడా చేరుతుందా లేదా అని వకీళ్లు పదేండ్లు కొట్లాడొచ్చు. మేడం ఆ రోడ్డు మీద, కొంగు కింద, తేల్చేసింది.

"ఇది సందు మేడం," అన్నాడు రాజ్యాంగం సారు. "చట్టం బాగలేనప్పుడు దొరికే సందు."

"సందు కాదు సార్, వాకిలి. తెరిచే పెట్టినారు." తర్వాత పెట్టె ఆమె పక్క తిరిగింది. "నువ్వు చెప్పింది నిజమేనా అని నేను చూడాల. నోటిమాట మీద వదిలిపెట్టలేను. పద, నీ వెనకే వస్తాము."

టెంపో ముందు, జీపు వెనక. చెక్‌పోస్టు ఉండిన చోట రేకుల షెడ్డు ఒక్కటి మిగిలి ఉండె. దాని దగ్గరికి పోయేసరికి మా డ్రైవరు కాలు తానే బ్రేకు మీదికి పోయె.

"మేడం, మన రాజ్యం ఈడికి ఆఖరు," అన్నాడు.

రాజ్యాంగం సారు గొంతు సవరించుకొన్నాడు. "మేడం, బార్డరు దాటితే మనకు ఏ అధికారమూ లేదు. ఆడ మనము మామూలు మనుషులము."

"ఒక పూట అట్లుండేదానికి మీకేమన్నా కష్టమా సార్?" అనింది మేడం. "పోనియ్యప్పా."

ఆ పల్లెలో మామిడి తోపుల పక్కన రేకుల కప్పు చర్చి, దానికి కొంచెం అవతల ఇల్లు. టెంపో వెనకే గవర్నమెంటు జీపు వచ్చి ఆగేసరికి జనం లేచి నిలబడిరి. పోయినాయన కూతురు పరిగెత్తుకొంటా వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొగం ఉబ్బిపోయి ఉండె. మేడం రెండు చేతులూ పట్టుకొనింది.

"గని నుంచి పంపించినారా అమ్మా? మా నాయన్ని చూసేదానికి వచ్చినారా?"

నాకు భూమిలోకి పోదామా అనిపించె. మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజం చెప్తే ఏమవుతుంది? 'లేదమ్మా, మీ నాయన పెట్టెకు పన్ను కట్టినారా లేదా చూసేదానికి వచ్చినాము' అని చెప్పాల.

"గవర్నమెంటు నుంచి వచ్చినామమ్మా," అనింది మేడం.

కూతురు ఆ మాట పట్టుకోని లోపలికి పోయి అందరికీ చెప్పింది. కుర్చీలు వేసిరి. మేము కూర్చోలేదు.

పెట్టె ఆమె పని చేసేది నేను చూసినాను. చెప్పినవన్నీ చేసింది. ఆయన్ని పెట్టెలో పెట్టి, చొక్కా మడతలు సరిచేసి, తల కింద గుడ్డ సర్దింది. మూత వేసే ముందు వంగి చెవి దగ్గర చెప్పింది, "ఇంగ షిఫ్టు లేదు చిన్నాయనా. పండుకో." తర్వాత స్క్రూలు బిగించింది.

మోసేదానికి మనుషులు చాలలేదు. పక్కింటి రైతులు వచ్చి భుజం పట్టిరి, అయినా ఒక మూల ఖాళీ. పాస్టరుగారు చుట్టూ చూస్తా ఉండారు. రాజ్యాంగం సారు కండువా నా చేతికిచ్చి పోయి ఆ మూల కింద భుజం పెట్టినాడు. మోకాళ్ల నొప్పులని ఆఫీసు మెట్లు ఎక్కేదానికి గొణిగే మనిషి. తోపు మధ్యలో రాళ్ల దోవలో, వంకర టింకరగా మోసినాడు. సరుకో సేవో గానీ, బరువు మాత్రం నిజం.

గుంత దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయినాక, గవర్నమెంటు నుంచి వచ్చిన అమ్మగారు రెండు మాటలు చెప్పాలని అడిగిరి. నేను కండ్లు మూసుకొన్నాను. మేడం ముందుకు పోయి నిలబడింది. కన్నడలో మాట్లాడింది, ఆడ అందరికీ అర్థమయ్యేదే.

"ఈయన ఎట్లాంటి మనిషో నాకు తెలీదు. భూమి లోపలికి పోయి మనకోసం బంగారం తెచ్చినాడని ఈ దోవలో వస్తా విన్నాను. ఈయన ఎప్పుడూ మా దగ్గర ఏమీ అడగలేదు. ఈ దినం మేమే ఈయన్ని ఎండలో నిలబెట్టినాము. ఆలస్యమయ్యింది మావల్లే. మీరందరూ మన్నించాల."

ఎండలో నిలబెట్టింది ఏమిటో జనానికి అర్థం కాలేదు. పెద్ద ఆఫీసరు వినయంగా మాట్లాడిందని మెచ్చుకొన్నారు. పెట్టె ఆమె మాత్రం తాడు పట్టుకోనే మేడం పక్క ఒకసారి చూసింది. ఐసు కరిగిన నీళ్లు వాకిట్లో ఇంకా తడిగా ఉండంగానే మేము తిరిగి వచ్చి టీ తాగినాము. బన్ను ఇచ్చిరి. రాజ్యాంగం సారు దాని గురించి ఏమీ మాట్లాడకుండా తిన్నాడు.

జీపులో వచ్చేటప్పుడు మేడం ఒకటే మాట అనింది. "ఆమె చెప్పింది నిజమే. చూసినాము. కేసు లేదు."

పైవాళ్లకు అది చాలలేదు. జీపు తిరిగిన దూరం చూసి, బార్డరు దాటి ఎందుకు పోయినారని అడిగిరి. కోలారుకు పిలిపించి ముగ్గురినీ వరసగా నిలబెట్టిరి. పెద్దాయన ఏసీ గదిలో కూర్చోని అడిగినాడు, "ఆ సప్లై సరుకా, సేవా తేల్చేదానికి పోయినామని రాసినారు. ఏమని తేలింది?"

మేడం నోరు తెరిచేలోపల రాజ్యాంగం సారు అందుకొన్నాడు. "మన్ను అని తేలింది సార్."

ముగ్గురికీ మెమోలు వచ్చె. జీపు డీజిలు మా జీతాల్లో కోసిరి. మేడంకు వచ్చే ఏటి ప్రమోషను తప్పిపోయి, దూరంగా ట్రాన్స్‌ఫరు వచ్చె. ఆమె పోయే దినం బంగారుపేట స్టేషనుకు పోయినాము. మేడం పెట్టెలు రాజ్యాంగం సారే ఎక్కించినాడు. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వంగి చెప్పినాడు.

"మేడం, చట్టం తప్పే. ఆ మాట మీద నేను మారను. మీరు మాత్రం రైటు."

మేడం నవ్వింది. "మీరు కూడా మారొద్దు సార్. ఆఫీసులో ఎవురో ఒకరు అడగతా ఉండాల."

ఇదీ కథ. మీరు అడిగినదానికి జవాబు చెప్పలేదు అంటారు. చెప్తాను. రాజ్యాంగం ఒప్పుకొనేదేనా అంటే, ఒప్పుకొంది. సవరణ చేయాల్సిన పద్ధతిలోనే చేసినారు, మేడం చెప్పిందే నిజం. రాష్ట్రాల చెయ్యి చిన్నదయ్యిందా అంటే, అయ్యింది, రాజ్యాంగం సారు చెప్పింది కూడా నిజం. ఒకటి నిజమైతే ఇంగొకటి అబద్ధం కావాలని మీకు ట్రైనింగులో చెప్పింటారు, దాన్ని మర్చిపోండి. ప్రయోజనం ఉండాదా? ఇప్పుడు టమాటా లారీలు ఆ రోడ్డులో ఆగకుండా పోతాయి. అది నేను కండ్లారా చూసినాను, చూసి సంతోషపడినాను. ఎందుకంటే అవి నిలబడింది నా ముందర. చిన్న వ్యాపారస్తులకు మాత్రం బార్డరు ఇంకా ఉండాది, కట్టె కనపడదు, అంతే. ఆ కనపడని కట్టె దగ్గర నిలబడేది మీరు. చట్టం చదవండి, చివరి షెడ్యూలుదాకా చదవండి. చాలామంది మొదటి పేజీల్లోనే ఫైను కనిపించిందని ఆగిపోతారు.

రిటైరయినాక నాకు పని లేదు. ఊరిగాం పక్క పోయినప్పుడు పెట్టె ఆమె షాపుకు పోతా ఉంటాను. ఆమె వ్యాపారం పెరిగింది. బార్డరు అవతల అంగళ్లవాళ్లు ఖాళీ పెట్టెలు పంపించమని అడగతా ఉండారు. అది ఉత్త సరుకే, పూడ్చే పని కాదు గదా. మేడం పోయేముందే ఆమెకు విడమర్చి చెప్పి పోయింది, అందుకని ఇప్పుడు రిజిస్ట్రేషను చేయించుకొనింది. ప్లైవుడ్డు మీద కట్టిన పన్ను లెక్కలో తిరిగి వస్తుందని ఒక పక్క సంతోషం, ప్రతిసారీ ఆన్‌లైన్లో పన్ను రిటర్ను వేయాలని ఇంగో పక్క తిట్లు. ఆ తిట్లు తమిళంలోనే. నేనుండేది చూసి రిటర్ను పని నాకే అప్పజెప్పింది. పింఛను తీసుకొనే ముసలోడు ఒకడు శవపెట్టెల మధ్యలో స్టూలు వేసుకోని, సర్వరు రాక, ఫోను చేతిలో పెట్టుకోని కూర్చోని ఉంటాడు. చర్చికి పోయేవాళ్లు తొంగి చూసి, ఎవురో పోయినారని అనుకొని మొగం దించేసుకొంటారు.

పోయిన వారం అట్లే కూర్చోని ఉండాను. సర్వరు తిరగతానే ఉండాది. ఎందుకో తలెత్తితే, ఆమె చేతిలో పని ఆపేసి నన్నే చూస్తా ఉండాది. తల నుంచి కాళ్లదాకా, మళ్లా ఈ భుజం నుంచి ఆ భుజందాకా.

"ఏమ్మా, అట్ల చూస్తావు?"

"ఏం లేదు సార్. అలవాటు."

"మాకు కాల్చేది గదమ్మా. నీ పెట్టె నాకు పనికిరాదు."

ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకోని, రంపం మళ్లా చేతికి తీసుకొనింది.

"కాటిదాకా నడిచి పోతారా సార్?"